చెప్పినవాడు లేని మాట

2018 మే 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో జనం ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను రాళ్ళతో కొట్టి చంపారు. అది రంజాన్ నెల. దానధర్మాలు చేసే రోజులు కదా, నాలుగు డబ్బులు చేతిలో పడతాయని మహబూబ్‌నగర్ వైపు నుంచి తోటివాళ్ళతో కలిసి నగరానికి వచ్చిన మనిషి ఆమె. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అని కేక లేచింది. అంతే, గుంపు మీద పడింది.

ఆ మాట ఆ రాత్రి పుట్టింది కాదు. అప్పటికి కొన్ని వారాలుగా రెండు తెలుగు రాష్ట్రాల ఫోన్లలో తిరుగుతూనే ఉంది. పార్థీ గ్యాంగ్ దిగిందన్నారు, బిహారీ ముఠా దిగిందన్నారు, పిల్లల్ని పట్టుకుపోయి కిడ్నీలు తీస్తున్నారన్నారు. ఫోటోలు వచ్చాయి, వీడియోలు వచ్చాయి, వణికే గొంతుతో రికార్డు చేసిన ఆడియోలు వచ్చాయి. ఏ జిల్లా చేరితే ఆ జిల్లాలోని పక్క మండలం పేరు తగిలించుకుని మరీ వచ్చాయి. చదువు రానివాళ్ళకు కూడా చేరాయి. ఆడియో వినడానికి అక్షరం అక్కర్లేదు.

మే 9న తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో, కులదైవం గుడికి కారులో వెళుతూ దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇచ్చినందుకు ఒక వృద్ధురాలిని కొట్టి చంపారు. జూన్ 8న అస్సాంలోని కార్బీ ఆంగ్లాంగ్‌లో, జలపాతం చూసి తిరిగొస్తున్న ఇద్దరు యువకులను చంపారు. జూలై 1న మహారాష్ట్ర ధూళే జిల్లా రైన్‌పాడాలో, సంత రోజున, సోలాపూర్ జిల్లా నుంచి భిక్షాటనకు వచ్చిన ఐదుగురిని పంచాయతీ కార్యాలయం గదిలో వేసి చంపారు. జూలై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు. మిత్రులతో కలిసి వెళుతూ వాళ్ళు దారిలో ఒక ఊళ్ళో ఆగారు. ఖతార్ నుంచి వచ్చిన మిత్రుడు బడిపిల్లలకు చాక్లెట్లు పంచాడు. అక్కడ తీసిన వీడియో వాళ్ళ కారు కంటే ముందే తర్వాతి ఊరు ముర్కి చేరింది. ముర్కిలో దారికి అడ్డంగా కాపు కాశారు.

2017 జనవరి నుంచి 2018 జూలై మొదటి వారం దాకా పిల్లల అపహరణ వదంతులకు దేశంలో 33 మంది బలైనట్టు ఇండియాస్పెండ్ వార్తాసంస్థ పత్రికా కథనాలను బట్టి లెక్క కట్టింది. పైన చెప్పిన చావుల్లో రెండు చోట్ల చాక్లెట్టే సాక్ష్యమైంది. పరాయి ఊళ్ళో ఎదురైన పసివాడి చేతిలో ఒక తీపి బిళ్ళ పెట్టడమనేది మనుషులు ఒకరినొకరు పలకరించుకునే పద్ధతుల్లో అతి పాతది, అతి సులువైనది. అదే నేరానికి రుజువుగా మారిపోయింది.

ఏడెనిమిదేళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకు తవ్వుతున్నారని అడిగేవాళ్ళకు ఒకటే జవాబు. ఈ కేసు ఇంకా ముగియలేదు. న్యాయస్థానాల్లో నడిచే విచారణల సంగతి కాదు చెబుతున్నది. దేశం ముందు ముద్దాయిలుగా నిలబడాల్సినవాళ్ళలో కొందరి మీద ఇంతవరకు అభియోగమే మోపలేదు. రాళ్ళు విసిరిన చేతుల్ని పోలీసులు కొన్నింటినైనా పట్టుకున్నారు. మాట విసిరిన చేతుల మాటేమిటి? ఆ మాటకు రెక్కలు కట్టి వ్యాపారం చేసినవాళ్ళ మాటేమిటి? చూస్తూ కూర్చున్న ప్రభుత్వాల మాటేమిటి?

ఆ వేసవిలో జనాన్ని అన్నిటికంటే ఎక్కువ భయపెట్టిన వీడియో కథ తెలుసుకోవాలి. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. మోటార్‌సైకిల్ మీద ఇద్దరు వచ్చి ఒక బిడ్డను ఎత్తుకుని వెళ్ళిపోతారు. ఇది మన దేశంలో తీసిందే కాదు. పాకిస్తాన్‌లోని కరాచీలో, తప్పిపోయిన పిల్లల కోసం పనిచేసే రోష్నీ హెల్ప్‌లైన్ అనే సంస్థ కోసం 2016లో తీసిన ప్రచార చిత్రం. అసలు చిత్రంలో ఆ మోటార్‌సైకిల్ తిరిగి వస్తుంది. బిడ్డను దింపుతారు. కరాచీ వీధుల్లో పిల్లల్ని ఎత్తుకుపోవడానికి ఒక్క క్షణం చాలునని, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్టను చూపిస్తారు. మన ఫోన్లకు చేరేసరికి ఆ చివరి భాగం లేదు. ఎవరో కూర్చుని, ఆలోచించి, కత్తిరించారు. పిల్లల్ని కాపాడమని తీసిన చిత్రాన్ని మనుషుల్ని చంపే పనికి వాడుకున్నారు. 2013లో సిరియాలో విషవాయువు దాడిలో చనిపోయిన పసివాళ్ళ ఫోటోలను కూడా కిడ్నీలు తీసిన పిల్లల శవాలని తిప్పారు.

కత్తిరించిన ఆ మనిషి ఎవరో తెలియదు. కానీ అతని పేరు లేకపోవడం యాదృచ్ఛికం కాదు. వాట్సాప్‌లో ఒక సందేశాన్ని ఇంకొకరికి పంపితే మొదట రాసినవాడి పేరు దానితో పాటు రాదు. 2018 జూలై 10కి ముందైతే, అది పంపినవాడు సొంతంగా రాసిందో, ఎక్కడి నుంచో వచ్చినదాన్ని తోసిందో తెలిపే గుర్తు కూడా ఉండేది కాదు. సందేశం మీద కనిపించే పేరు ఒక్కటే, చివరిగా పంపినవాడిది. ఆ చివరివాడు ఎవరు? మేనమామ. తోడికోడలు. బడిలో మనకు చదువు చెప్పిన మాస్టారు. ఊరి సర్పంచి. అపరిచితుడు కల్పించిన అబద్ధం మన మేనమామ పేరు పెట్టుకుని ఇంట్లోకి వచ్చింది. అందుకే గుమ్మం దగ్గర ఎవరూ ఆపలేదు.

మన మాటతీరులో వచ్చిన మార్పంతా ఇక్కడుందని మా నమ్మకం. ఫోన్ వచ్చాక మనుషులు మాట్లాడుకోవడం మానేశారన్న ఫిర్యాదులో నిజం కొంతే. గల్ఫ్ వలసల కుటుంబాలను అడగండి. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ఊళ్ళ నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయినవాళ్ళ భార్యలు ఒకప్పుడు ఉత్తరం కోసం వారాలు ఎదురుచూశారు. గొంతు రికార్డు చేసిన క్యాసెట్లు ఊరికి వచ్చేవాళ్ళ చేత పంపుకున్నారు. నెలకోసారి టెలిఫోన్ బూత్ ముందు వరుసలో నిలబడి, తిరిగే మీటరు చూసుకుంటూ, ఏడవడానికి కూడా లెక్క కట్టుకున్నారు. అలాంటి ఇంట్లో ఇవాళ పుట్టిన బిడ్డ ముఖాన్ని అదే పూట తండ్రి చూస్తున్నాడంటే దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదు. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా ధరలు నేలకు దిగి వచ్చాక ఈ సౌకర్యం కూలీల ఇళ్ళకూ చేరింది. అది మంచే.

అయితే అబద్ధాల వ్యాపారం ఎంచుకున్నది కూడా సరిగ్గా ఈ దారినే. అయినవాళ్ళ మధ్య నడిచే దారి కాబట్టే, ప్రేమ నడిచే దారి కాబట్టే. మీ పిల్లలు జాగ్రత్త అనే హెచ్చరికను కాదని తోసేసే తల్లి ఉంటుందా? ఉండదని తెలిసినవాళ్ళే ఆ సందేశాలు తయారుచేశారు.

వదంతులు ఫోన్లతో పుట్టలేదన్న మాట నిజమే. బాణామతి చేస్తున్నారన్న అనుమానంతో పళ్ళు ఊడగొట్టి, సజీవంగా తగలబెట్టిన ఘోరాలు తెలంగాణ పల్లెల్లో సెల్‌ఫోన్ ముఖం చూడని రోజుల్లోనే జరిగాయి. పాత ఊరు స్వర్గమని ఈ పేజీ ఎన్నడూ రాయదు. అయినా తేడా ఉంది. ఆనాటి పుకారుకు ఒక నోరు ఉండేది. ఎవరన్నారని అడిగితే ఫలానా ఇంటావిడ అని చెప్పేవాళ్ళు. ఆమెను అడిగితే ఇంకో పేరు వచ్చేది. మూడో పేరు దగ్గరో నాలుగో పేరు దగ్గరో పోలీసు, పెద్దమనిషి, అభ్యుదయ సంఘం కార్యకర్త ఎవరో ఒకరు పట్టుకునేవాళ్ళు. దండోరాకు కూడా పేరుండేది. డప్పు కొట్టినవాడు ఎవరి తరఫున చాటుతున్నాడో మొదటి వాక్యంలోనే చెప్పేవాడు. అబద్ధమాడితే మర్నాడు అదే వీధిలో తలెత్తుకుని తిరగలేడు. మాట్లాడినవాడికి ఉండే ఈ వెరపును మనం ఎంత తేలిగ్గా పోగొట్టుకున్నామో గమనించలేదు.

ఈ హత్యల్లో ఎక్కువగా పోయిందెవరో చూస్తే బాధ కోపమవుతుంది. రైన్‌పాడాలో చనిపోయిన ఐదుగురు నాథపంథీ డవరీ గోసావీలు. ఊరూరా తిరిగి అడుక్కుని బతికే సంచార కులం. మన దగ్గర బుడబుక్కలవాళ్ళు, బుడగ జంగాలు, పిచ్చుకగుంట్లవాళ్ళు, గంగిరెద్దులవాళ్ళు, దొమ్మరులు ఎవరో వాళ్ళు అక్కడ అంతే. తెలియని గుమ్మం ముందు నిలబడటమే వీళ్ళ బతుకుతెరువు. ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. అచ్చుపుస్తకం, రేడియో పల్లెకు చేరని కాలంలో ఒక ఊరి కథను ఇంకో ఊరికి మోసుకుపోయింది ఈ మనుషులే. మన వంశాల పేర్లు, గోత్రాలు మనకే ఒప్పజెప్పిందీ వీళ్ళే. పిచ్చుకగుంట్లవాడు వాకిట్లో నిలబడి ముత్తాత పేరు చెబుతుంటే ఆసక్తిగా విన్న ఇళ్ళు మనవి. ఆ వాకిళ్ళలోకే ఇవాళ అతను అడుగుపెట్టాలంటే ఆధార్ కార్డు చేత్తో పట్టుకోవాల్సిన స్థితి తెచ్చాం. కార్డు చూపినా నమ్ముతారన్న భరోసా లేదు.

పార్థీ గ్యాంగ్ అన్న పేరు కూడా శూన్యంలోంచి ఊడిపడలేదు. పార్థీలు ఒక తెగ. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్రపడిన జాతుల్లో వాళ్ళూ ఉన్నారు. మన ఎరుకలవాళ్ళూ ఉన్నారు. బాపట్ల జిల్లా స్టూవర్టుపురం అనే ఊరు వెలసిందే ఆ ముద్ర పడినవాళ్ళను కట్టడిలో ఉంచడానికి. మూడు తరాలు దాటినా ఆ ఊరి పేరు చెప్పడానికి అక్కడి పిల్లలు జంకే రోజులు చూశాం. స్వతంత్ర భారతం 1952 ఆగస్టు 31న ఆ ముద్రను చట్టపరంగా తుడిచేసింది. 66 ఏళ్ళ తర్వాత మన ఫోన్లు దాన్ని తిరిగి అచ్చేశాయి. పార్లమెంటు రద్దు చేసిన చట్టాన్ని ఊరూపేరూ లేని సందేశం ఒకటి ఒక్క వేసవిలో మళ్ళీ అమల్లోకి తెచ్చింది. శిక్ష కూడా అదే వేసింది. ఇంత జరిగినా, ఒక జాతి పేరును ముఠా పేరుగా వాడటం తప్పని చెప్పిన పత్రికలు, చానెళ్ళు ఎన్ని?

కంపెనీ సంగతికి వద్దాం. 2014 ఫిబ్రవరిలో 1,900 కోట్ల డాలర్లకు వాట్సాప్‌ను కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. 2018 నాటికి దానికి మన దేశంలో 20 కోట్లకు పైగా వినియోగదారులు. ప్రపంచంలో దాని అతిపెద్ద సంత మనమే. ఇన్ని కోట్లమంది నుంచి ఫిర్యాదు తీసుకోవడానికి ఒక అధికారిని నియమించింది ఎప్పుడు? సుప్రీంకోర్టు నోటీసు ఇచ్చాక, 2018 సెప్టెంబరులో. ఆ అధికారి కూర్చున్నది అమెరికాలో. రైన్‌పాడా హత్యల తర్వాత పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వేశారు. అబద్ధపు వార్తల్ని గుర్తుపట్టడం ఎలాగో ప్రజలకు చిట్కాలు చెప్పారు. జూలై మూడోవారంలో, ఒకసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయలేకుండా ఇండియాలో పరిమితి పెడతామని ప్రకటించారు. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒకే చాట్‌కు పంపగలిగేలా చేశారు. దాంతో అలాంటి సందేశాల వ్యాప్తి ప్రపంచవ్యాప్తంగా 70 శాతం పడిపోయిందని కంపెనీయే చెప్పుకుంది.

ఆ 70 శాతాన్ని విజయంగా ప్రకటించారు. మేము దాన్ని నేరాంగీకారంగా చదువుతున్నాం. చిన్న మార్పుతో అబద్ధం వేగాన్ని ఇంతగా తగ్గించగలిగిన చేయి, ఆ మార్పు 2018 మే నెలలో ఎందుకు చేయలేదు? సందేశంలో ఏముందో చదవకుండానే, ఎవరి రహస్యమూ బయటపెట్టకుండానే అది సాధ్యమైంది కదా! బ్రేకు వాళ్ళ కాలి కిందే ఉంది. తొక్కడానికి ఇన్ని శవాలు కావలసి వచ్చాయి. తొక్కిన తర్వాతైనా నిలకడగా ఉన్నారా అంటే అదీ లేదు. ఒకప్పుడు 256 మందికి పరిమితమైన గ్రూపును 2022లో మొదట 512కు, ఆ ఏడాది నవంబరుకల్లా 1,024కు పెంచారు. వెయ్యిమంది చేరిన చోటును కుటుంబ సంభాషణ అని ఎవరంటారు? అది బహిరంగ సభ. సభ పెట్టినవాడికి పోలీసు అనుమతి కావాలి, బాధ్యుడి పేరు కావాలి. ఇక్కడ అవేవీ అక్కర్లేదు.

ప్రభుత్వం చూపిన మందు జబ్బు కంటే మంచిది కాదు. 2021 ఐటీ నిబంధనల్లో కేంద్రం, అడిగినప్పుడు సందేశాన్ని మొదట పుట్టించినవాడెవరో కంపెనీ చెప్పితీరాలంది. పేరులేని మాట ప్రమాదమని ఇంతసేపు వాదించిన ఈ సంపాదకీయం ఆ నిబంధనను సమర్థించాలి కదా అనిపించవచ్చు. సమర్థించదు. కోటిమంది చేతులు మారిన అబద్ధం పట్టుబడాలంటే ప్రతి ఇంట్లో ప్రతి మనిషి మాట్లాడుకున్న ప్రతి మాటకూ ముద్ర వేసి దాచాలి. ఆ ముద్రల పుస్తకం అధికారం చేతికొచ్చిన రోజున ముందుగా దొరికేది వీడియో కత్తిరించినవాడు కాదు. కలెక్టరు మీద ఫిర్యాదు పంపిన రైతు, మంత్రి మీద పాట కట్టిన కుర్రవాడు, సమాచారం బయటపెట్టిన గుమస్తా దొరుకుతారు. ఇద్దరు మనుషులు గుసగుసగా మాట్లాడుకునే హక్కు జోలికి వెళ్ళకుండానే, వేలమందికి చాటే మాటను నెమ్మదింపజేయవచ్చని ఆ 70 శాతమే రుజువు చేసింది. ఆ మాట గట్టిగా అడగాల్సిన ప్రభుత్వం నిఘా అడిగింది.

నిఘా కాకపోతే కోత. ఎక్కడ అలజడి రేగినా ఇంటర్నెట్ కట్టేయడం మన పాలకులకు అలవాటైంది. 2018 నుంచి 2023 దాకా వరుసగా ఆరేళ్ళు ప్రపంచంలో అత్యధికసార్లు ఇంటర్నెట్ ఆపిన దేశం మనదేనని యాక్సెస్ నౌ సంస్థ లెక్క తేల్చింది. త్రిపురలో జరిగింది చూడండి. 2018 జూన్ చివరి వారంలో, వదంతులు నమ్మవద్దని మైకులో ఊరూరా చెప్పడానికి సమాచార శాఖ ఒక యువకుణ్ణి కూలికి పెట్టుకుంది. సబ్రూమ్ ప్రాంతంలో జనం అతన్నే పిల్లల దొంగ అని చంపారు. అతని చేతిలో మైకు ఉంది, అది ప్రభుత్వం ఇచ్చిన పని. అయినా ఫోన్లో వచ్చిన మాట ముందు ప్రభుత్వం మాట చెల్లలేదు. ప్రజలకు సర్కారు గొంతు మీద నమ్మకం ఎంత తరిగిపోయిందో కొలవడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ నమ్మకాన్ని తిరిగి కట్టుకోవచ్చని చూపించిన చోటు మన దగ్గరే ఉంది. జోగులాంబ గద్వాల జిల్లా. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ప్రతి ఊరికీ ఒక పోలీసును కేటాయించారు. ఊళ్ళో తిరిగే కానిస్టేబుళ్ళు ఒక వింత గమనించారు. ఎండాకాలంలో ఆరుబయట మంచాలేసుకుని పడుకునే జనం పొద్దుగూకగానే తలుపులు బిగించుకుంటున్నారు. ఎందుకని అడిగితే ఫోన్లు చూపించారు. వదంతి రాయిగా మారకముందే దాని జాడ పోలీసులకు తెలిసింది. తర్వాత నాలుగు వందలకు పైగా గ్రామాల్లో డప్పు కొట్టి, జానపద పాటలు కట్టి, ఇంటింటికీ వెళ్ళి అది అబద్ధమని చెప్పారు. ఊరి గ్రూపుల్లో తామూ చేరారు. గద్వాల, వనపర్తి జిల్లాల్లో ఆ వదంతికి ప్రాణం పోలేదు.

ఇందులో పెద్ద సాంకేతికత ఏమీ లేదు. పేరు తెలిసిన కానిస్టేబులు గుమ్మం ముందుకు వచ్చి, తన నోటితో, తన బాధ్యత మీద ఒక మాట చెప్పాడు. దానికి విలువ ఉంది కాబట్టి నమ్మారు. దేశవిదేశాల పత్రికలు ఆ ప్రయత్నాన్ని మెచ్చుకుని రాశాయి. ఒక అధికారి చొరవగా మొదలైన ఆ పద్ధతి రెండు రాష్ట్రాల్లోని ప్రతి పోలీసు స్టేషనుకూ నిత్యకృత్యం కావాల్సింది. మంచి అధికారి బదిలీతో మంచి పద్ధతి కూడా బదిలీ అయిపోయే పాలనలో ఉన్నాం మనం.

పాలకులకు చేతకాదని కాదు. 2020లో చికెన్ తింటే కరోనా వస్తుందన్న పుకారుకు కోళ్ళ పరిశ్రమ కుదేలైంది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ సహా తెలంగాణ మంత్రులు వేదికెక్కి అందరూ చూస్తుండగా చికెన్ తిన్నారు. మంచి పని చేశారు. పుకారును ఎలా ఎదుర్కోవాలో వాళ్ళకు తెలుసునని అది రుజువు. బుడగ జంగాలను, ట్రాన్స్‌జెండర్లను పక్కన నిలబెట్టుకుని, వీళ్ళు మనవాళ్ళు, వీళ్ళ మీద చేయి వేయవద్దని చెప్పే వేదిక ఎందుకు కట్టరు? కోళ్ళ వెనుక పరిశ్రమ ఉంది, సంఘాలు ఉన్నాయి, ఓట్లు ఉన్నాయి. వీళ్ళలో చాలామందికి చెప్పుకోవడానికి శాశ్వత చిరునామా కూడా లేదు.

పత్రికలం, చానెళ్ళం మేమూ బోనులో నిలబడాల్సినవాళ్ళమే. నెట్టింట వైరల్, సోషల్ మీడియాలో చక్కర్లు కొడుతోంది, హల్‌చల్ చేస్తోంది అనే మాటలు వార్తల్లోకి ఎందుకొచ్చాయో విలేకరులందరికీ తెలుసు. నిర్ధారించుకోని సంగతిని చూపించాలి, బాధ్యత మాత్రం మీద పడకూడదు. అందుకు కనిపెట్టిన వాక్యాలవి. వాట్సాప్‌లో వచ్చిన అబద్ధానికి రాత్రి తొమ్మిదింటి బులెటిన్‌లో చోటిస్తే దానికి ప్రభుత్వ ముద్ర పడినంత విలువ వస్తుంది. తెల్లారి అది తప్పని తేలితే ఎంతమంది అదే సమయానికి, అంతే సేపు ఆ మాట చెబుతున్నారు?

చివరిగా, ఫోన్ చేతిలో ఉన్న మనందరం. 2018 మార్చిలో సైన్స్ పత్రికలో ఎంఐటీ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించి, నిజం కంటే అబద్ధాన్ని జనం తిరిగి పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేల్చారు. నిజం 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే ఆరింతల సమయం పట్టింది. యంత్రాలు పంపే ఖాతాలను లెక్కలోంచి తీసేసినా ఫలితం మారలేదు. వ్యాపింపజేసింది మనుషులే. చదువుకున్నవాళ్ళు, ఉద్యోగస్థులు, రిటైరైన పెద్దలు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి ఊరి గ్రూపుకు రోజూ హెచ్చరికలు పంపేవాళ్ళు, అందరూ ఇందులో ఉన్నారు. అందినట్టే పంపుతున్నానని పైన ఒక ముక్క చేర్చి చేతులు దులుపుకుంటారు. నిజమైతే ఒక బిడ్డ బతుకుతుంది, కాకపోతే పోయేదేముంది అంటారు. పోయేదేమిటో చాంద్రాయణగుట్ట చెప్పింది, రైన్‌పాడా చెప్పింది. అబద్ధపు హెచ్చరికకు మూల్యం పంపినవాడు చెల్లించడు. పంపినవాడి వీధిలోకి బిచ్చానికి వచ్చినవాడు చెల్లిస్తాడు. పంపడం కూడా చెప్పడమే. మేనమామ పేరు మీద వచ్చిన మాటకు మేనమామ జవాబు చెప్పాలి. తప్పని తేలాక నిశ్శబ్దంగా చెరిపేస్తే సరిపోదు. అదే గ్రూపులో, అంతమంది ముందు, నేను పంపింది అబద్ధమని సొంత పేరుతో రాయాలి. పెద్దవాళ్ళను నిలదీయడం మర్యాద కాదని పిల్లలు ఊరుకోవడం కూడా ఈ నేరంలో భాగమే. బాబాయ్, ఇది ఎక్కడి నుంచి వచ్చింది అని అడగడం అమర్యాద కాదు.

ఇప్పుడు ముఖాన్నీ గొంతునూ కూడా తయారుచేసే యంత్రాలు వచ్చాయి. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరే మహిళ దేహానికి అతికించిన వీడియో దేశమంతా తిరిగింది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు అరెస్టు చేసింది ఆంధ్రప్రదేశ్ యువకుణ్ణే. అభిమానుల పేజీకి అనుచరులను పెంచుకోవడానికి చేశాడని పోలీసులు చెప్పారు. సినీతారకు ఢిల్లీ పోలీసులు కదిలారు. రేపు ఒక అంగన్‌వాడీ టీచరు ముఖం అతికించి, ఈమె పిల్లల్ని అమ్ముతోందని ఊరి గ్రూపులో పెడితే ఆ సాయంత్రానికల్లా కదిలేదెవరు?

2018 జూలై 17న సుప్రీంకోర్టు మూకదాడులపై స్పష్టమైన ఆదేశాలిచ్చింది. ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలి. రెచ్చగొట్టే సందేశాలు వ్యాపింపజేసేవాళ్ళ మీద కేసు పెట్టాలి. ప్రత్యేక కోర్టుల్లో వీలైనంతవరకు ఆరు నెలల్లో విచారణ ముగించాలి. బాధితులకు పరిహార పథకం తేవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షను ఐదుగురు, అంతకు మించిన గుంపు చేసే హత్యకు విడిగా శిక్ష పెట్టింది. కులం, భాష, పుట్టిన చోటు లాంటి కారణాలను పేర్కొంది. పిల్లల దొంగ అన్న వదంతితో చంపితే ఈ సెక్షను వర్తిస్తుందో లేదో తేల్చుకోవడానికి ఒక్కో కుటుంబం ఒక్కో కోర్టులో వాదించుకోవాలి. ఆ సందిగ్ధాన్ని పార్లమెంటు తొలగించాలి.

లెక్క కూడా కావాలి. 2017 నివేదిక కోసం జాతీయ నేర గణాంకాల సంస్థ మూకహత్యల వివరాలు సేకరించింది. 2019 అక్టోబరులో నివేదిక బయటికి వచ్చినప్పుడు ఆ వివరాలు అందులో లేవు. సమాచారం నమ్మదగినదిగా లేదన్నారు. చనిపోయినవాళ్ళను లెక్కపెట్టే బాధ్యతను వార్తాసంస్థలకు వదిలేశారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కేంద్రం కోసం ఆగనవసరం లేదు. 2018 వేసవిలో తమ నేల మీద ఈ వదంతికి దెబ్బలు తిన్నవాళ్ళెందరు, చనిపోయినవాళ్ళెందరు, ఎన్ని కేసులు ఏ దశలో ఉన్నాయి, ఎవరికి ఎంత పరిహారం అందింది, సుప్రీంకోర్టు చెప్పిన నోడల్ అధికారులు ఇవాళ ఏ జిల్లాలో ఎవరు అన్న వివరాలతో రెండు ప్రభుత్వాలూ రాబోయే శాసనసభ సమావేశాల్లోనే శ్వేతపత్రాలు పెట్టాలి.